విశ్వంలో జీవం, భూమి దాటిన మనిషి స్వేచ్ఛ: గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలోను, భీమవరం, తణుకు వైపు గ్రామాల్లోను, పాఠశాలల్లో, శాఖా గ్రంథాలయాల్లో ఆకాశం గురించి మాట్లాడినప్పుడు విద్యార్థులు, ఉపాధ్యాయులు, రైతులు పదే పదే అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. వాటిలో కొన్ని విశ్వంలో జీవం గురించినవి. మిగిలినవి భూమిని విడిచి వెళ్లే మనిషికి అక్కడ ఉండే హక్కుల గురించినవి. రెండో రకానికే ఎక్కువ చోటు ఇచ్చాం. మొదటి రకం ప్రశ్నలకు తెలుగులో ఎంతో కొంత సమాచారం దొరుకుతుంది గాని, రెండో రకాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

భూమి మీద కాకుండా మరెక్కడైనా జీవం ఉందని తేలిందా?

తేలలేదు. తేలిందని చెప్పే వీడియో ఏది కనిపించినా, అది ఏ పరిశోధన పత్రిక ఆధారంగా చెబుతున్నదో ముందుగా చూడండి.

మరి ఉండవచ్చని శాస్త్రవేత్తలు అంత నమ్మకంగా ఎలా అంటున్నారు?

మూడు విషయాలు కలిసి ఆ నమ్మకాన్ని కలిగిస్తున్నాయి. మొదటిది చోటు. సూర్యుడి వంటి నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని 1995లో మిషెల్ మాయోర్, దిదియే కెలో కనుగొన్నారు. అందుకు వారికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటినుంచి ధ్రువపడిన ఇతర నక్షత్రాల గ్రహాల సంఖ్య 2025 నాటికి 6,000 దాటింది. మన పాలపుంత ఒక్కదానిలోనే నక్షత్రాలు 10,000 కోట్లకు తక్కువ ఉండవు కనుక, మనం చూసినది గుమ్మం దగ్గరి నాలుగు అడుగులు మాత్రమే.

రెండోది సరుకు. 2023 సెప్టెంబరులో బెన్నూ అనే గ్రహశకలం నుంచి భూమికి చేరిన మట్టిని పరీక్షించగా, మన శరీరంలోని ప్రోటీన్లు వాడుకునే 20 అమైనో ఆమ్లాల్లో 14, డీఎన్ఏ, ఆర్ఎన్ఏలలో అక్షరాల్లా ఉండే ఐదు క్షారాలూ (బేస్‌లు) అందులో కనిపించాయి. జీవానికి కావలసిన ముడిసరుకు ఏ జీవీ లేని చోట కూడా తయారవుతుందని దీనివల్ల తెలుస్తుంది. జీవం కూడా అలాగే తయారవుతుందని మాత్రం తెలియదు. ఈ రెంటి మధ్య దూరాన్ని చాలామంది ఒక్క వాక్యంలో దాటేస్తారు.

మూడోది నీరు. శని గ్రహానికి చెందిన ఎన్సెలడస్ అనే ఉపగ్రహం మంచు పొర కింద ఉప్పు సముద్రం ఉందనీ, ఆ పొర పగుళ్లలోంచి నీరు అంతరిక్షంలోకి చిమ్ముతున్నదనీ కసీని నౌక చూసింది. ఆ చిమ్మిన రేణువుల్లో, జీవానికి అవసరమైన ఫాస్ఫేట్లు ఉన్నట్టు 2023లో ప్రకటించారు. మంచు కింద సముద్రం ఉందని భావిస్తున్న బృహస్పతి ఉపగ్రహం యూరోపా కోసం 2024 అక్టోబరులో బయలుదేరిన యూరోపా క్లిప్పర్ నౌక 2030లో అక్కడికి చేరవలసి ఉంది.

అంగారకుడి మీద చిరుతపులి మచ్చల రాయి దొరికిందట. అది ఏమిటి?

జెజెరో అనే బిలంలో, ఒకప్పుడు నది ప్రవహించిన లోయలో, పెర్సెవరెన్స్ అనే రోవర్ (నేలమీద తిరిగే చక్రాల యంత్రం) 2024లో ఈ రాయిని చూసింది. ఆ చోట కూడా నది మేట వేసి ఒక డెల్టాను ఏర్పరచింది కనుక ఈ ప్రశ్న మన ప్రాంతంలో రావడం సహజమే. రాతిలోని మచ్చల అంచుల్లో వివియనైట్, గ్రెయిగైట్ అనే ఇనుప ఖనిజాల ఆనవాళ్లు, వాటితోపాటు కర్బన పదార్థం ఉన్నట్టు 2025 సెప్టెంబరులో వెలువడిన పత్రం చెప్పింది.

భూమి మీద ఇటువంటి ఖనిజాలు తరచుగా గాలి ఆడని బురదలో, సూక్ష్మజీవులు కర్బన పదార్థాన్ని తిని ఇనుమును, గంధకాన్ని మార్చే చోట ఏర్పడతాయి. కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల్లో అడుగు వేస్తే కాలికి అంటే నల్ల బురద, దాని కుళ్లిన గుడ్డు వాసన, అటువంటి గంధకపు సూక్ష్మజీవుల పనే. అయితే ఈ ఖనిజాలు జీవం లేకుండా, రసాయన చర్యలవల్ల కూడా ఏర్పడగలవు. పత్రం రాసినవారు ‘జీవపు ఆనవాలు కావచ్చు’ అన్నంతవరకే వెళ్లారు. ఆ రాతిముక్కను గొట్టంలో భద్రపరిచారు గాని, దాన్ని భూమికి తెచ్చే పథకం ఖర్చు భారంతో సందిగ్ధంలో పడింది.

వరిచేలలో మీథేన్ వస్తుంది కదా, అంగారకుడి మీద మీథేన్ ఉంటే జీవం ఉన్నట్టేనా?

నీరు నిలిచిన వరిచేలో, గాలి తగలని మట్టి పొరలో, ఆర్కియా అనే తెగకు చెందిన సూక్ష్మజీవులు మీథేన్‌ను తయారుచేస్తాయి. సార్వాలోనూ దాళ్వాలోనూ డెల్టా అంతటా జరిగే పని ఇది. అంగారకుడి మీద గేల్ బిలంలో తిరుగుతున్న క్యూరియాసిటీ రోవర్ అతి స్వల్పంగా మీథేన్‌ను గుర్తించింది. కాని ఆ గ్రహం చుట్టూ తిరుగుతూ, దీనికోసమే మరింత సున్నితమైన పరికరాలతో వెతికిన ట్రేస్ గ్యాస్ ఆర్బిటర్ అనే నౌకకు ఏమీ కనబడలేదు. ఈ వైరుధ్యం ఇంకా తీరలేదు. పైగా రాళ్లకూ నీటికీ మధ్య జరిగే చర్యలవల్ల కూడా మీథేన్ పుడుతుంది.

కే2-18బి మీద సముద్ర జీవుల వాయువు కనిపించిందన్న వార్త నిజమేనా?

వార్త నిజం, శీర్షికలే అతిశయం. మన దేశంలో పుట్టి కేంబ్రిడ్జ్‌లో పనిచేస్తున్న నిక్కు మధుసూదన్ నాయకత్వంలోని బృందం, 124 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ గ్రహపు వాతావరణంలో డైమిథైల్ సల్ఫైడ్ ఛాయలు ఉన్నాయని 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. భూమి మీద దాన్ని ప్రధానంగా సముద్రపు సూక్ష్మ జీవులు వదులుతాయి. కొలత తాలూకు నమ్మకం మాత్రం ఒక ఆవిష్కరణకు శాస్త్రవేత్తలు కోరే స్థాయిని చేరలేదు. ఇతర బృందాలు అదే సమాచారాన్ని మళ్లీ విశ్లేషించి సందేహం వెలిబుచ్చాయి. జీవం లేని తోకచుక్కలో కూడా ఆ వాయువు కనబడింది.

హైదరాబాదు బెలూనులో ఆకాశపు బాక్టీరియా దొరికిందని అంటారు. అది బయటినుంచి వచ్చిందా?

2005లో హైదరాబాదు నుంచి ఎగరవేసిన పరిశోధక బెలూను, 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తుల మధ్య గాలి నమూనాలను సేకరించింది. అందులో మూడు కొత్త బాక్టీరియా జాతులు ఉన్నట్టు 2009లో ఇస్రో తెలిపింది. వాటిలో ఒకదానికి ఆర్యభటుడి పేరు, మరొకదానికి ఇస్రో పేరు పెట్టారు. అవి అతినీలలోహిత కిరణాలను బాగా తట్టుకున్నాయి. అంతమాత్రాన అవి భూమి బయటినుంచి వచ్చాయని రుజువు కాదని ఆ ప్రకటనలోనే స్పష్టంగా ఉంది.

సాయంత్రం వేళ ఆకాశంలో వరుసగా దీపాలు కదిలి వెళ్లాయి. అవి గ్రహాంతరవాసుల వాహనాలా?

కావు. ఒకే రాకెట్టుతో పంపిన ఇంటర్నెట్ ఉపగ్రహాలు, ప్రయోగించిన తొలి రోజుల్లో అలా బారుగా కనిపిస్తాయి.

మన పురాణాల్లోని పద్నాలుగు లోకాలు ఇతర గ్రహాలేనా?

ఆ లోకాల వర్ణనకు దాని అర్థం, దాని గౌరవం దానికి ఉన్నాయి. దాన్ని ఖగోళ పరిశీలనకు సాక్ష్యంగా చూపడం రెంటికీ మేలు చేయదు.

మనమే సందేశం పంపి పలకరించవచ్చు కదా?

పంపారు కూడా. 1974లో ఆరెసిబో రేడియో దూరదర్శిని నుంచి సుమారు 25,000 కాంతి సంవత్సరాల దూరంలోని నక్షత్ర గుచ్ఛం వైపు ఒక సందేశం వెళ్లింది. భూమి మీద ఉన్న అందరి తరఫున మాట్లాడే అధికారం ఆ కొద్దిమందికి ఎవరిచ్చారన్నది అప్పటినుంచి ఉన్న వివాదమే. దీన్ని నిషేధించే, లేదా అనుమతించే అంతర్జాతీయ చట్టం ప్రత్యేకంగా ఏదీ లేదు. ఇక్కడినుంచి మొదలయ్యే ప్రశ్నలన్నీ ఈ అధికారం చుట్టూనే తిరుగుతాయి.

చంద్రుడి మీద ఎకరం కొని పెళ్లిరోజు కానుకగా ఇచ్చారని పేపర్లో వచ్చింది. ఆ పట్టా చెల్లుతుందా?

చెల్లదు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం రెండో అధికరణం ప్రకారం చంద్రుడు గాని, ఇతర ఖగోళ గోళాలు గాని ఏ దేశపు సొత్తూ కాకూడదు. 110కి పైగా దేశాలు ఈ ఒప్పందంలో ఉన్నాయి. భారత్ కూడా అందులో ఒకటి. దేశానికే హక్కు లేని నేలమీద పట్టాను ఎవరు ఇస్తారు, ఏ రిజిస్ట్రారు నమోదు చేస్తారు? ఆ కాగితాన్ని అందమైన శుభలేఖగా దాచుకోవచ్చు.

నేల సంగతి ఇంత తేలిక గాని, నేల నుంచి తవ్వి తీసినదాని సంగతి అంత తేలిక కాదు. చంద్రుడి మంచును, గ్రహశకలాల లోహాన్ని తవ్వి తీసిన తమ పౌరులకు దానిపై యాజమాన్యం ఉంటుందని అమెరికా 2015లోను, లక్సెంబర్గ్ 2017లోను చట్టాలు చేశాయి. నేల ఎవరిదీ కాదు, ఇసుక మాత్రం తవ్వినవాడిది అన్న ఏర్పాటు ఎటు దారి తీస్తుందో గోదావరి ఇసుక ర్యాంపులను చూసిన మనకు ఎవరూ వివరించనక్కరలేదు. చంద్రుడి వనరులు మానవాళి ఉమ్మడి వారసత్వమని చెప్పే 1979 నాటి ఒప్పందంపై భారత్ సంతకం చేసింది గాని, దాన్ని ధ్రువీకరించలేదు. తవ్వకాలను సమర్థించే, అమెరికా నాయకత్వంలోని ఆర్టెమిస్ ఒడంబడికలో మాత్రం 2023 జూన్‌లో చేరింది.

అంతరిక్షంలో ఉన్న మనిషికి ఏ దేశపు చట్టం వర్తిస్తుంది?

నౌక ఏ దేశంలో నమోదై ఉంటే ఆ దేశానికే నౌకపైనా, అందులోని మనుషులపైనా అధికారం ఉంటుందని 1967 ఒప్పందం ఎనిమిదో అధికరణం చెబుతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో భాగస్వామ్య దేశాలు 1998 ఒప్పందంతో తమ తమ గదులపై, తమ పౌరులపై అధికారాన్ని అట్టిపెట్టుకున్నాయి. ప్రైవేటు సంస్థ చేసే పనికి కూడా దాని దేశమే బాధ్యత వహించి, అనుమతి ఇచ్చి, నిరంతరం పర్యవేక్షించాలని ఆరో అధికరణం ఆదేశిస్తుంది.

దేశమే లేకుండాపోతే ఏమవుతుందన్నది కూడా ఒకసారి జరిగింది. సెర్గేయ్ క్రికల్యోవ్ 1991 మేలో సోవియట్ పౌరుడిగా మీర్ అనే అంతరిక్ష కేంద్రానికి వెళ్లి, 1992 మార్చిలో దిగేసరికి ఆ దేశం రద్దయి, ఆయన్ని పంపిన ప్రయోగ కేంద్రం వేరే దేశమైన కజకిస్తాన్‌లో ఉంది. దిగడం ఆయన ఇష్టాన్నిబట్టి కాక, కింద ఉన్నవారి సర్దుబాట్లనుబట్టి జరిగింది.

అంగారకుడు స్వతంత్ర గ్రహమని ఒక కంపెనీ ప్రకటించిందట. అలా ప్రకటించవచ్చా?

స్టార్‌లింక్ ఇంటర్నెట్ సేవకు చందాదారులు ఒప్పుకోవలసిన షరతుల్లో, అంగారకుడు స్వేచ్ఛా గ్రహమనీ, భూమి మీది ఏ ప్రభుత్వానికీ దానిపై అధికారం లేదనీ ఒక పేరా 2020లో బయటపడింది. చట్టపరంగా దానికి విలువ లేదు. అమెరికా కంపెనీ ఎక్కడికి వెళ్లినా ఆరో అధికరణం ప్రకారం అమెరికా బాధ్యత వెంటే ఉంటుంది. కాని ఆ పేరా ఆలోచింపజేసేదే. ప్రభుత్వం నుంచి విముక్తి అని అందులో ఉంది గాని, రాకెట్టు, గాలి, నీరు, రేడియో అన్నీ తన చేతిలో ఉంచుకునే యజమాని నుంచి విముక్తి గురించి ఒక్క మాటా లేదు.

ప్రభుత్వం దూరంగా ఉంటే మనిషికి స్వేచ్ఛ ఎక్కువే ఉంటుంది కదా?

భూమి మీద అది కొంతవరకు నిజం. ఇక్కడ అధికారంతో పొసగనివాడు ఊరు విడిచి వెళ్లినా గాలి వెంట వస్తుంది. అంగారకుడి మీద వాయుపీడనం భూమిపై ఉన్నదానిలో ఒక శాతం కూడా ఉండదు. ఉన్న గాలిలో దాదాపు అంతా బొగ్గుపులుసు వాయువే. మనిషికి రోజుకు సుమారు 840 గ్రాముల ఆక్సిజన్ కావాలి. పెర్సెవరెన్స్ రోవర్‌తో పంపిన మాక్సీ అనే పరికరం అంగారకుడి గాలి నుంచి 2021, 2023 మధ్య మొత్తం 122 గ్రాముల ఆక్సిజన్‌ను తయారుచేసింది. గొప్ప విజయమే, ఒక మనిషికి మూడున్నర గంటలకు సరిపోతుంది. అంటే అక్కడ ప్రతి ఊపిరీ ఎవరో నడిపే యంత్రం నుంచి రావలసిందే. ఆ యంత్రం దగ్గర ఉన్నవాడికి, ఏ చట్టమూ ఇవ్వని అధికారం దానంతట అదే వస్తుంది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయపు ఖగోళ జీవశాస్త్రవేత్త చార్లెస్ కాకెల్ ఈ విషయంపైనే చాలాకాలంగా రాస్తున్నారు: అక్కడి పరిస్థితులు నిరంకుశత్వానికి అనుకూలమనీ, దాన్ని నివారించే ఏర్పాట్లు నివాసం కట్టేముందే చేసుకోవాలనీ ఆయన వాదన.

డెల్టా రైతుకు ఈ వాదన కొత్తగా ఉండదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పటినుంచి ఇక్కడ పది లక్షల ఎకరాలకు పైగా భూమి కాలువ మీద ఆధారపడి బతుకుతున్నది. దాళ్వాలో నీరు తగ్గితే వంతులవారీ విధానం పెడతారు. తూము దగ్గరి చేను తడుస్తుంది, శివారు చేను ఎదురు చూస్తుంది. లాకుల దగ్గర ఉన్నవాడు చెడ్డవాడు కానవసరం లేదు, తలుపు అతని చేతిలో ఉండటమే చాలు. దీనికి మనవాళ్లు కనిపెట్టిన విరుగుడు ఉపదేశాలు కాదు, ఏర్పాట్లు: వంతు తేదీలు ముందే ప్రకటించడం, నీటి సంఘాలకు ఎన్నికలు, శివారు రైతు వెళ్లి నిలదీయగల అధికారి ఒకడు ఉండటం, వేసవిలో కాలువలు మూసేముందు ప్రతి ఊరూ తన మంచినీటి చెరువును నింపుకోవడం.

ఈ చివరిది అంగారకుడికి అన్నిటికన్నా బాగా పనికి వస్తుంది. ప్రతి నివాసంలో, కేంద్ర యంత్రంతో సంబంధం లేకుండా, కొన్ని వారాలకు సరిపడే ఆక్సిజన్ నిల్వ నివాసుల అధీనంలోనే ఉండాలి. గాలిని తయారుచేసేవారు ఒక్కరే కాక ఇద్దరు ముగ్గురు వేర్వేరుగా ఉండాలి. బాకీ పేరుతో గాని, క్రమశిక్షణ పేరుతో గాని గాలిని ఆపడం నేరంగా చట్టంలో ఉండాలి. ఆ నేరాన్ని విచారించేవాడు కంపెనీ జీతగాడు కాకూడదు. భావప్రకటన, ఓటు, మతం వంటి హక్కులు వీటి తరువాత వచ్చేవి. ఊపిరి తీగను లాగగలిగినవాడి ఎదుట ఎవరు నోరు విప్పుతారు?

అంతరిక్షంలో పనివాళ్లు సమ్మె చేశారని విన్నాం. నిజమేనా?

1973 నవంబరు నుంచి 1974 ఫిబ్రవరి దాకా స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రంలో 84 రోజులు ఉన్న ముగ్గురు వ్యోమగాములు రేడియో కట్టేసి ఒకరోజు పని మానేశారన్న కథ బాగా ప్రచారంలో ఉంది. అది కథే. జరిగింది ఏమిటంటే, కింది నుంచి ఊపిరి సలపనంత పని పెట్టారు. వారు తమ ఇబ్బందిని రేడియోలో నిర్మొహమాటంగా చెప్పారు. పని వేళలను సవరించారు, తరువాత పని బాగా సాగింది. ఫిర్యాదును వినే యంత్రాంగం ఉంటే సమ్మె దాకా పోనవసరం లేదన్నదానికి ఇది నిదర్శనం. అంగారకుడి నుంచి మాట భూమికి చేరడానికి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది కనుక, ఆ యంత్రాంగం అక్కడే ఉండాలి.

గల్ఫ్ వెళ్లినవారి పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకుంటాడు. అంగారకుడికి వెళ్లినవాడు ఉద్యోగం నచ్చకపోతే తిరిగి రాగలడా?

ఈ ప్రశ్న అడిగింది కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చిన ఒక అమ్మగారు. మాకు వచ్చిన ప్రశ్నల్లో ఇంతకన్నా సూటిగా ఉన్నది లేదు. అంగారకుడికి ప్రయాణం ఆరు నుంచి తొమ్మిది నెలలు. అనువైన సమయం సుమారు 26 నెలలకు ఒకసారి మాత్రమే వస్తుంది. ఆ సమయానికి నౌక, ఇంధనం, సీటు ఇచ్చేది యజమానే అయితే, ఒప్పందంలో ‘ఎప్పుడైనా మానేయవచ్చు’ అని రాసినా దానికి అర్థం ఉండదు. తిరుగు ప్రయాణపు ఖర్చును బయలుదేరేముందే మూడో పక్షం దగ్గర జమ చేయించడం, ఉద్యోగం మానినవాడికి తరువాతి నౌక దాకా తిండి, గాలి, గది షరతులు లేకుండా ఇవ్వడం కనీస నియమాలుగా ఉండాలని మా అభిప్రాయం.

అంగారకుడి మీదే పుట్టే పిల్లల సంగతి ఏమిటి?

అంగారకుడి గురుత్వాకర్షణ మనదానిలో 38 శాతం. అందులో ఎదిగిన ఎముకలు, గుండె భూమి బరువును మోయగలవా అన్నది ఇంతవరకు ఎవరూ పరీక్షించలేదు. తల్లిదండ్రులు తమ ఇష్టప్రకారం వెళ్లవచ్చు. బిడ్డకు మాత్రం తిరిగి వచ్చే దారిని వారే మూసివేసినట్టు కావచ్చు. ఆ బిడ్డకు పౌరసత్వం ఏదన్నది దీనితో పోలిస్తే చిన్న చిక్కు.

అంగారకుడి మీద సూక్ష్మజీవులే ఉన్నాయని తేలితే, అక్కడ మనం కాపురం పెట్టవచ్చా?

హానికరమైన కాలుష్యం కలగకుండా చూడాలని 1967 ఒప్పందం తొమ్మిదో అధికరణం చెబుతుంది. అందుకే 1976లో దిగిన వైకింగ్ నౌకలను పంపేముందు వేడితో శుద్ధి చేశారు. లోహపు నౌకను అలా వేడి చేయవచ్చు, మనిషిని చేయలేము. మన ఒంటిమీద, పొట్టలో ఉన్న సూక్ష్మజీవులన్నీ మనతోపాటు దిగుతాయి. అందువల్ల జీవం జాడ ఉన్న ప్రాంతాలనైనా మనుషులకు నిషేధించి, తేలేదాకా యంత్రాలతోనే పరిశోధించాలన్న వాదం సమంజసంగా కనిపిస్తుంది. వలస వెళ్లే స్వేచ్ఛ కోరేవారికి ఇది నచ్చదు.

గోదావరి లంకలు ఏటా మునుగుతుంటే ఈ ఖర్చు ఎందుకు?

రెండు ఖర్చులను వేరు చేసి చూడాలి. 1996 నవంబరు తుపాను కోనసీమను ఎలా ఊడ్చివేసిందో చూసినవారికి వాతావరణ ఉపగ్రహాల విలువ చెప్పనక్కరలేదు. వరద ముంపు పటాలు కూడా ఉపగ్రహ చిత్రాల నుంచే వస్తాయి. కాని ఈ ప్రయోజనాన్ని చూపించి మనుషుల యాత్రలను సమర్థించడం సరికాదు. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రానికి వెళ్లి, జూలైలో తిరిగి వచ్చిన యాత్రకు మన దేశం 500 కోట్లకు పైగా వెచ్చించింది. దాని లాభనష్టాలను విడిగా తూచాలి. భూమి పాడైతే అంగారకుడికి పోవచ్చన్న వాదాన్ని మాత్రం పక్కన పెట్టవచ్చు. ఉప్పాడలో సముద్రం ఎంత కోసినా, అక్కడ గాలి పీల్చుకోవచ్చు.

మా అమ్మాయి ఈ రంగంలోకి రావాలనుకుంటోంది. ఏం చదవాలి?

జీవాన్వేషణ వైపు అయితే జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రాల్లో ఏదైనా ఒకదానిలో గట్టి పునాది కావాలి. తిరుపతిలోని ఐసర్ (విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ) వంటి సంస్థలు ఇందుకు అనువైనవి. రాకెట్లు, ఉపగ్రహాల వైపు అయితే తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీ (అంతరిక్ష విజ్ఞాన, సాంకేతిక సంస్థ) ఉంది. బీటెక్ ప్రవేశానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. ఎక్కువమందికి తెలియని మూడో దారి న్యాయశాస్త్రం. భారత్‌కు 2023 నాటి అంతరిక్ష విధానం, ప్రైవేటు సంస్థలకు అనుమతులిచ్చే ఇన్‌స్పేస్ అనే ప్రభుత్వ సంస్థ ఉన్నాయి గాని, సమగ్రమైన అంతరిక్ష చట్టం ఇంకా రాలేదు. పైన చెప్పిన గాలి నిల్వలు, తిరుగు ప్రయాణపు డిపాజిట్లు వంటివాటిని చట్టపు భాషలోకి తేగలవారు అవసరమవుతారు. హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో అంతరిక్ష న్యాయ విషయాలు బోధిస్తారు. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవారైనా క్లాట్ అనే న్యాయవిద్య ప్రవేశ పరీక్ష రాసి అక్కడ చేరవచ్చు.